బుధవారం పుట్టినవాడి గోల్

మా ఆయన జ్ఞాపకశక్తిని బెక్వాయ్ ఊరంతా మెచ్చుకుంటుంది. అంత మెచ్చుకునేవాళ్ళు ఆయన్ని ఒక్క వారం తీసుకెళ్ళి ఇంట్లో పెట్టుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు. రెండు పూటలా ఫుఫు ముద్ద నేనే దంచి పంపిస్తాను.

1981లో కొనోంగో జట్టు మీద మనవాళ్ళకి ఏ నిమిషంలో కార్నర్ వచ్చిందో చెప్తారు. అది ఎవరు కొట్టారో, అప్పుడు గాలి ఎటు వీస్తోందో కూడా చెప్తారు. ఇంట్లో ఉప్పు అయిపోయిందని పొద్దున చెప్తే మాత్రం సాయంత్రం "ఎప్పుడు చెప్పావు?" అంటారు. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో నాకు అర్థమైందేమిటంటే, ఏ సంగతైనా ఆయన బుర్రలోకి వెళ్ళాలంటే ముందు నీలం అట్ట నోట్‌బుక్కులోకి ఎక్కాలి. ఆ పుస్తకాల్లో నేను ఎక్కడా లేను. ఉప్పూ లేదు.

అవి మొత్తం పదిహేడు పుస్తకాలు. మా ఊరి ఫుట్‌బాల్ జట్టు మైటీ పైథాన్స్ పదిహేడేళ్ళపాటు ఆడిన ప్రతి ఆటా వాటిలో ఉంది. మా ఆయన, క్వాజో గ్యాంఫీ, బళ్ళో భూగోళం చెప్పేవారు. ఆట రోజున మైదానం పక్కన, సెంటర్ గీత దగ్గర బల్ల వేసుకుని, గొడుగు కింద కూర్చుని రాసేవారు. ఆయన రాసిందే ఊరికి చరిత్ర. నేను కేప్ కోస్ట్‌లో చరిత్రలో డిగ్రీ చేశాను కాబట్టి అధికారంతో చెప్పగలను: చరిత్ర అంటే వానలో గొడుగు ఉన్నవాడు రాసుకున్నది.

ఈ ఏడాది క్లబ్బుకి యాభై ఏళ్ళు నిండాయి. క్లబ్బు ఇంటి ముందు గోడ మీద గొప్ప ఆటగాళ్ళ ఫోటోలు పెట్టి, దానికి గౌరవ గోడ అని పేరు పెడదామనుకున్నారు. పెయింటరు కిటికీలూ తలుపులూ పోను కొలిచి ఏడు ఖాళీలున్నాయన్నాడు. దాంతో యాభై ఏళ్ళలో గొప్పవాళ్ళు ఏడుగురే అని తేలింది. ఎనిమిదోవాడు కావాలంటే కిటికీ మూసెయ్యాలి.

ఏడుగురిని ఎంచడానికి ముగ్గురితో కమిటీ వేశారు. మా ఆయన అధ్యక్షుడు కాబట్టి కమిటీ మా వరండాలో కూర్చుంది. కూర్చుంది కాబట్టి తింది. మొదటి శనివారం వేరుశనగ పులుసు చల్లారేలోపే ఆరు పేర్లు ఖాయం చేసేశారు. ఆ ఆరుగురూ చనిపోయినవాళ్ళు. మా వాళ్ళు చనిపోయినవాళ్ళతో పేచీ పెట్టుకోరు. ఏడోదాని దగ్గరే వచ్చింది చిక్కు. ఆ ఒక్క ఖాళీకి ఇద్దరున్నారు, ఇద్దరూ బతికే ఉన్నారు.

రెండో శనివారం నేను వంటింట్లో ఉండగానే గొంతులు లేచాయి.

"నలభై ఏడు గోల్స్!" అంటున్నాడు న్యార్కో. ఊళ్ళో ఎఫ్.ఎం. రేడియోలో ఆటల కబుర్లు చెప్తాడు. మంచినీళ్ళడిగినా మైకులో అడిగినట్టే ఉంటుంది. "ఆరు సీజన్లు, నలభై ఏడు గోల్స్! క్వాకు అంపోన్సా! ఇంకా చర్చేముంది తాతా?"

సర్ఫో తాతకి ఎనభై మూడేళ్ళు. ఒకప్పుడు క్లబ్బుకి అధ్యక్షుడు. కళ్ళు మూసుకుని వింటాడు, నిద్రపోయాడనుకుని ఎవరైనా తొందరపడి మాట్లాడితే దొరికిపోతారు.

"పదకొండేళ్ళు," అన్నాడు కళ్ళు తెరవకుండానే. "ఎమ్మాన్యుయేల్ డంక్వా పదకొండేళ్ళు ఎడమ వైపు కాపలా కాశాడు. ఆ వైపు నుంచి మేక కూడా దాటలేదు. ముందు వాడి సంగతి తేల్చు."

"దాటలేదని ఎక్కడుంది?" మా ఆయన పుస్తకం మీద వేలితో కొట్టారు. "గోల్ కొడితే నిమిషంతో సహా రాశాను. దాటనివ్వకపోవడాన్ని ఏ నిమిషం కింద రాయమంటావు తాతా?"

"రాయకపోతే జరగనట్టేనా?"

"జరగలేదనలేదు. రాయలేదన్నాను."

"రెండూ ఒకలాగే వినపడుతున్నాయిరా నాకు. చెవులు ముసలివి కదా."

న్యార్కో మధ్యలో దూరాడు. "సరే, అదంతా పక్కన పెడదాం. ఈ క్లబ్బు జన్మలో గెలిచింది ఒక్క కప్పు. ఎనభై నాలుగు ఫైనల్, ఒకటి-సున్నా. ఆ ఒక్క గోల్ ఎవరిదో వాడే గోడెక్కాలి. అవునా, కాదా?"

తాత కళ్ళు తెరిచాడు. "అది మాత్రం న్యాయం. నేను ఆ రోజు మలేరియాతో మంచంలో ఉన్నాను. క్వాజో ఎలా రాస్తే అలాగే."

"ఆ గోల్ ఎమ్మాన్యుయేల్‌ది," అన్నాను నేను, పులుసు గిన్నె బల్ల మీద పెడుతూ.

ముగ్గురూ గిన్నె వైపు చూశారు, మాట అందులోంచి వచ్చినట్టు.

"మళ్ళీ మొదలు," అన్నారు మా ఆయన నిట్టూర్చి. "పెళ్ళయిన ఏడాది నుంచీ ఇదే పాట. సెర్వా, ఆ రోజు నువ్వు ఎక్కడున్నావు? గోల్ వెనకాల, నెత్తి మీద నారింజల తట్టతో, వానలో. నేనెక్కడున్నాను? సెంటర్ గీత దగ్గర, గొడుగు కింద, పుస్తకంతో."

"గోల్ ఎక్కడ పడింది మాస్టారూ? సెంటర్ గీత దగ్గరా?"

న్యార్కో నవ్వబోయి, మా ఆయన మొహం చూసి దాన్ని దగ్గుగా మార్చుకున్నాడు.

"సరే. కళ్ళ సంగతి వదిలెయ్. బురదలో పదకొండు మందీ ఒకే రంగు, నంబర్లు కనపడలేదు, ఒప్పుకుంటాను. చెవులున్నాయి కదా? బంతి నెట్‌లో పడగానే వెయ్యి మంది ఏమని అరిచారు?"

నేను గిన్నెలో గరిటె తిప్పాను.

"క్వాకూ అని. వెయ్యి గొంతులు! జట్టు జాబితాలో క్వాకు ఒక్కడే. అంపోన్సా."

"ఎమ్మాన్యుయేల్ మాత్రం ఏ వారం పుట్టాడు?"

మా వాళ్ళలో ఎవరూ పేరు లేకుండా పుట్టరు. ఏ వారం పుడితే ఆ వారమే పేరు. బుధవారమైతే మగపిల్లాడు క్వాకు, ఆడపిల్ల ఆకువా. నేను ఆకువా సెర్వాని. తర్వాత పాదిరీలు ఏ పేరు పెట్టినా, బళ్ళో ఏ పేరు రాసినా, వారం మాత్రం మనిషిని వదలదు.

"బుధవారమే పుట్టి ఉంటాడు, నేను కాదన్నానా?" అన్నారు మా ఆయన. "కానీ ఊళ్ళో ఎవరైనా అతన్ని ఆ పేరుతో పిలిచారా? మిషన్ బళ్ళో చేరిన రోజు నుంచీ ఎమ్మాన్యుయేల్. మైదానంలో 'ఎమ్మా'. ఇంట్లో వాళ్ళ అమ్మమ్మ తప్ప అతన్ని క్వాకూ అన్నవాళ్ళు లేరు. తెలియని పేరు వెయ్యి మంది ఎలా అరుస్తారు? చెప్పు. చరిత్ర చదివావు కదా, చెప్పు."

ముప్ఫై నాలుగేళ్ళుగా ఆయన నన్ను ఇక్కడికి తెచ్చి వదిలేస్తున్నారు. దీనికి జవాబు లేక కాదు. జవాబు నా నోట్లోనే ఉంది. బయటికి రావడానికి దారి లేదు. ఆ దారిని నేనే గోడ కట్టి మూసేశాను.

"పులుసు చల్లారిపోతోంది," అన్నాను.

"చూశారా," అన్నారు మా ఆయన, కమిటీ వైపు తిరిగి. "జవాబు లేనప్పుడు పులుసు చల్లారుతుంది."

*

ఎనభై నాలుగులో నాకు పదిహేడేళ్ళు. మా పిన్ని తొక్క చెక్కిన నారింజలు తట్టలో పేర్చి నా నెత్తిన పెట్టి, ఫైనల్ ఆటకి పంపింది. వానలో నారింజలు ఎవరూ కొనరు. అందుకని గోల్ వెనకాల నిలబడి ఆట చూశాను.

మా ఇంటి పొయ్యికీ డంక్వా వాళ్ళ అమ్మమ్మ పొయ్యికీ మధ్య ఛాతీ ఎత్తు మట్టిగోడ ఒకటి ఉండేది. ఆ ముసలావిడ నన్నూ మనవణ్ణీ కలిపి "నా బుధవారాలు" అనేది. గోడ అవతల నుంచి "క్వాకూ, నీళ్ళు తేరా!" అనే కేక విని నేను పెరిగాను. ఆ వయసులో గోడ ఇవతల ఏం జరుగుతోందో సరిగా తెలియకపోయినా, అవతల ఏం జరుగుతోందో బాగా తెలిసేది. అంతకంటే చెప్పను.

ఆట ముగియబోతోంది. ఎమ్మాన్యుయేల్ తన వైపు నుంచి బంతి తీసుకుని బయల్దేరాడు. బ్యాక్ ఆడేవాడు అంత దూరం రాకూడదు. ఎవరో వెనక్కి రమ్మని తిట్టారు కూడా. బురదలో రెండుసార్లు పడి లేచాడు. గోల్ ముందు నాలుగైదు ఒళ్ళు ఒక్కసారిగా కుప్ప కూలాయి. ఆ కుప్పలోంచి అతని మోకాలు తగిలి బంతి నా వైపు దొర్లుకుంటూ వచ్చింది. అందంగా ఏమీ లేదు. చిన్న పిల్లాడు మంచం కిందికి దొర్లించినట్టు వచ్చింది. కానీ గీత దాటింది. నాకు మూడడుగుల దూరంలో.

అప్పుడు నా నోట్లోంచి ఒక కేక వచ్చింది. ఇంటి పేరు కాదు, బళ్ళో పేరు కాదు. గోడ అవతల నుంచి రోజూ వినే పేరు.

"క్వాకూ!"

నా పక్కనున్నవాడు అందుకున్నాడు. వాడి పక్కనున్నవాడు అందుకున్నాడు. రెండు నిమిషాల్లో మైదానం అంతా అదే మాట. జనానికి తెలిసిన క్వాకు అంపోన్సా ఒక్కడే. కుప్పలోంచి అతన్ని లాగి భుజాల మీదికెత్తారు. జట్టువాళ్ళు కూడా జనం మాటే నమ్మారు. ఎమ్మాన్యుయేల్ నెట్‌లో, బురదలో, బంతి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఊరేగింపు వెళ్ళిపోయింది.

మర్నాడు అతను పుస్తకం రాసే మాస్టారి దగ్గరికి వెళ్ళి అడిగాడట. మా ఆయన (అప్పటికి ఇంకా మా ఆయన కాదు) పుస్తకం తిప్పి చూపించారట: "క్వాకు అని ఉంది." "నేనూ క్వాకునే మాస్టారూ," అన్నాడట. "ఊళ్ళో ప్రతి బుధవారం పిల్లాడూ వచ్చి గోల్ అడిగితే ఎక్కడి నుంచి తేను?" అన్నారట ఈయన. ఆ హాస్యానికి ఇప్పటికీ ఆయనే నవ్వుతారు.

ఆరేళ్ళ తర్వాత గ్యాంఫీ పెద్దలు పిల్లనడగడానికి, మా ఆచారం ప్రకారం మద్యం సీసాలతో వచ్చి మా ఇంటి తలుపు తట్టారు. పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే ఈయన పెరట్లోకి వచ్చి, ఇంతకు ముందు ఎవరి మీదైనా మనసు పడ్డావా అని అడిగారు. "నా నోట ఇంతవరకు ఏ మగపిల్లాడి పేరూ రాలేదు," అన్నాను. డిగ్రీ చదివినదాన్ని, మంచి వాక్యం చెప్పాలనిపించింది. ఆయనకి ఎంత నచ్చిందంటే పెళ్ళిలో అందరి ముందూ చెప్పారు. అప్పటి నుంచి పెళ్ళిరోజు ఏ వారమో మర్చిపోతారు కానీ ఆ వాక్యం మాత్రం ఏటా చెప్తారు.

అదీ నేను కట్టిన గోడ.

*

సోమవారం నన్ను వడ్రంగి దగ్గరికి పంపారు. గౌరవ గోడకి ఏడు చెక్క ఫ్రేములు చేయించారు, అయ్యాయో లేదో చూసి రమ్మన్నారు. వడ్రంగి ఎవరంటే ఎమ్మాన్యుయేల్. హాస్టలు పిల్లలు తిండి దాచుకునే చెక్కపెట్టెలు చేస్తాడు. చుట్టుపక్కల హాస్టళ్ళలో ఏ పిల్ల గదిలో చూసినా అతని పెట్టే ఉంటుంది.

రంపం మిషన్ ఆపి నన్ను చూసి నవ్వాడు. జుట్టు నెరిసింది, ఎడమ కాలు కొద్దిగా ఈడుస్తాడు. మిషన్ పక్కన ఏళ్ళ తరబడి నిలబడి కుడి చెవి పోయింది.

"ఆకువా! కూర్చో. ఆ స్టూలు కాదు, దాని కాలు కదులుతుంది. వడ్రంగి ఇంట్లో మంచి స్టూలుండదు."

ఫ్రేములు గోడకి వరసగా ఆనించి ఉన్నాయి. ఒక్కోదాని కింద పలకలో పేరు చెక్కి ఉంది. ఆరింటికి చెక్కాడు. ఏడోది ఖాళీ.

"ఇవి బాగున్నాయి," అన్నాను.

"ఒడుం చెక్క. నా కంటే ఎక్కువ కాలం ఉంటుంది." ఏడో ఫ్రేము ఎత్తి ఖాళీ పలకని బొటనవేలితో తుడిచాడు. "దీనిలో ఎవరి పేరు పెట్టాలో తేల్చలేదా? కాగితం మీద రాసిస్తే చెక్కేస్తాను. క్వాకు అంపోన్సానేగా?"

"ఇంకా వాదించుకుంటున్నారు."

"ఎందుకట? అందరికీ తెలిసిందేగా." ఆ గొంతులో కోపం లేదు, అదే నాకు ఎక్కువ బాధ. ఫ్రేము కింద పెట్టి, మిషన్ మీది పొట్టు చేత్తో తోస్తూ అన్నాడు: "నాకు ఒక్కటే అర్థం కాదు ఆకువా. ఆ రోజు బంతి లోపలికి వెళ్ళగానే ఎవరో నన్ను పిలిచారు. మా అమ్మమ్మ పిలిచే పేరు. అమ్మమ్మ ఆటకి రాదు. ఎవరా అని తల తిప్పేలోపల లోకమంతా అదే పేరు అరుస్తోంది. తిప్పి చూస్తే వాళ్ళు పిలుస్తున్నది నన్ను కాదు."

"ఫ్రేములు శుక్రవారానికి వస్తాయా?" అని అడిగాను. సిగ్గులేనిదాన్ని.

"వస్తాయి," అన్నాడు. నన్ను చూడలేదు. అతనికి తెలుసేమో అనిపించింది. ఇంటికి నడుస్తూ, తెలుసు అనుకున్నాను. మార్కెట్లో ఉల్లిపాయలమ్మే ఆవిడ మీద ఊరికే కేకలేశాను.

*

మూడో శనివారం. మా ఆయన ముందే నిర్ణయించుకుని వచ్చారు. ఓట్లు అడగకముందే ఒక కాగితం మడిచి నా చేతిలో పెట్టారు.

"సోమవారం ఇది ఎమ్మాన్యుయేల్‌కి ఇచ్చెయ్. చెక్కాల్సిన అక్షరాలు. తప్పుల్లేకుండా రాశాను."

విప్పి చూశాను. ముత్యాల్లాంటి అక్షరాలు. *క్వాకు అంపోన్సా. 1984 ఫైనల్ గోల్.* దీన్ని ఎమ్మాన్యుయేల్ తన ఉలితో చెక్కాలి. ఒక్కో అక్షరం.

అప్పటికి వేయించిన అరటికాయ ముక్కల పళ్ళెం నా రెండో చేతిలో ఉంది. దాన్ని బల్ల మీద కాస్త గట్టిగానే పెట్టాను.

"మాస్టారూ, మీ పుస్తకంలో వెయ్యి మంది అరిచారని రాశారు. అవునా?"

"వెయ్యికి పైనే. గేటు లెక్క ఉంది."

"వెయ్యి మందీ ఒకేసారి అరిచారా? చర్చిలో పాటలాగా?"

"ఎవరో ఒకరు మొదలుపెట్టి ఉంటారు. దానికేమిటి?"

"ఎవరు మొదలుపెట్టారో రాశారా?"

"అదెలా తెలుస్తుంది?"

"నేను."

న్యార్కో అరటి ముక్క నోటి దాకా తీసుకెళ్ళి అక్కడే ఆపేశాడు. సర్ఫో తాత రెండు కళ్ళూ తెరిచాడు.

"గోల్ వెనకాల ఉన్నది నేను. బంతి దాటింది నా కళ్ళ ముందు. మోకాలు ఎమ్మాన్యుయేల్‌ది. వాళ్ళ అమ్మమ్మ పిలిచే పేరు నాకు తెలుసు, ఆ పేరే అరిచాను. జనం అందుకున్నారు. నా కేక విని మీ జనం అంపోన్సాని మోశారు. జనం మోశారని మీరు రాశారు. మీరు రాశారని నలభై ఏళ్ళుగా ఊరు చదువుతోంది."

సర్ఫో తాత నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గయింది, దగ్గు మళ్ళీ నవ్వయింది, న్యార్కో లేచి వీపు నిమరాల్సి వచ్చింది.

"ఆంటీ," అన్నాడు న్యార్కో, వీపు నిమురుతూనే, "ఇది రేపు రేడియోలో చెప్పనా?"

"చెప్పు. మళ్ళీ ఈ ఇంట్లో పులుసు ఎలా తింటావో నేనూ చూస్తాను."

మా ఆయన మాత్రం గోల్ దగ్గరికి ఇంకా రాలేదు. వేరే చోట ఆగిపోయారు. "అయితే... తలుపు తట్టిన రోజున పెరట్లో నాతో అన్నావే, నీ నోట ఏ మగపిల్లాడి పేరూ..."

"వచ్చింది. ఒక్కటి. వెయ్యి మంది సాక్షులున్నారు, గేటు లెక్క కూడా ఉంది. ఆ మాట అబద్ధం. నలభై ఏళ్ళు నోరు మూసుకోవడం అంతకంటే పెద్ద తప్పు. నా వంతు నేను ఒప్పుకున్నాను. మీ వంతు మిగిలింది."

ఆయన జేబులోంచి ఫోన్ తీశారు. "అంపోన్సానే అడుగుదాం," అన్నారు, కోర్టులో చివరి సాక్షిని పిలిచినట్టు. క్వాకు అంపోన్సా ఇప్పుడు అక్రాలో కారు నడపడం నేర్పుతాడు. స్పీకర్ పెట్టారు.

"మాస్టారూ! గోడ అయిపోయిందా?"

"క్వాకూ, ఒక్క మాట. ఎనభై నాలుగు ఫైనల్. బంతి నీ ఏ కాలికి తగిలింది?"

అటువైపు హారన్లు వినిపించాయి. ఎవరినో బ్రేకు తొక్కమని అరిచాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "ఇన్నాళ్ళకి అడిగారా మాస్టారూ?"

"ఏ కాలికి?"

"ఏ కాలికీ తగల్లేదు. నేను కింద ఉన్నాను, నా మీద ముగ్గురున్నారు. లేచేసరికి జనం నా పేరు పిలుస్తూ ఎత్తుకున్నారు. భుజాల మీద ఉన్నవాడు దింపమంటాడా? మర్నాడు చూస్తే మీరు పుస్తకంలో రాసేశారు. మాస్టారు రాశాక నేనెవణ్ణి కాదనడానికి?" కొంచెం ఆగాడు. "ఎమ్మా ఎలా ఉన్నాడు?"

మా ఆయన ఫోన్ పెట్టేశారు. 1984 పుస్తకం ముందుకు లాక్కుని ఆ పేజీ తెరిచారు. "కానీ పుస్తకంలో..." అన్నారు.

"క్వాజో," అన్నాడు సర్ఫో తాత మెత్తగా, "రాసింది నువ్వు. నీ సంతకానికి నిన్నే సాక్షిగా పిలుస్తున్నావు. చెయ్యెత్తరా న్యార్కో. ఎమ్మాన్యుయేల్."

రెండు చేతులు లేచాయి. మూడోది పుస్తకం మీదే ఉంది. అయినా ఏడో పేరు ఖాయమైంది.

ఆదివారం, సోమవారం, మంగళవారం మా ఆయన నాతో మాట్లాడలేదు. చర్చిలో పాట పాడారు, రేడియోతో మాట్లాడారు, మేకని తిట్టారు. నాతో మాత్రం లేదు. మంగళవారం కావాలనే పులుసులో ఉప్పు వేయలేదు. తిన్నారు. ఏమీ అనలేదు. అప్పుడు నాకు కొంచెం భయం వేసింది.

బుధవారం పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని, చంకలో నీలం పుస్తకం పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డారు.

"పద," అన్నారు.

"ఎక్కడికి?"

"నీకు తెలుసు."

వీధంతా మా వైపే చూస్తోంది. న్యార్కో నా బెదిరింపుని లెక్క చెయ్యలేదని అప్పుడు తెలిసింది.

ఎమ్మాన్యుయేల్ మిషన్ మీద పలక పెట్టి కోస్తున్నాడు. మమ్మల్ని చూసి ఆపాడు. నేను కొత్త కాగితం ఇచ్చాను. ఈసారి రాత నాది, అక్షరాలు వంకర. *ఎమ్మాన్యుయేల్ క్వాకు డంక్వా.* కళ్ళద్దాలు లేవని చెయ్యి చాపి దూరంగా పట్టుకుని చదివాడు. మళ్ళీ చదివాడు. మధ్య పేరు దగ్గర ఆగి నా వైపు చూశాడు.

"నువ్వేనా?" అన్నాడు.

"నేనే," అన్నాను. "చెప్పాల్సినప్పుడు చెప్పలేదు."

తల ఊపాడు. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. వెనక్కి తిరిగి మిషన్ ఆన్ చేశాడు. పలకని రంపం కిందికి తోశాడు. వంచిన తల ఎత్తలేదు. ఆ పలకని అంతకు ముందే కోసేశాడని నేను చూశాను.

మా ఆయన ఒక అడుగు ముందుకేశారు. పుస్తకం తెరిచి, పేజీ చూపిస్తూ ఏదో అన్నారు. పెదవులు కదలడం తప్ప నాకే వినపడలేదు.

"ఏంటి మాస్టారూ?" ఎమ్మాన్యుయేల్ ఎడమ చెవి ఇటు తిప్పాడు. మిషన్ మాత్రం ఆపలేదు.

"ఆ రోజు... పుస్తకంలో... కొంచెం పొరపాటు..."

"కొంచెం ఏంటి? వినపడట్లేదు!"

పక్క కొట్టులో టైర్లు బాగుచేసేవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. కెంకీ ముద్దలమ్మే ఆవిడ ఎదురుగా స్టూలు తెచ్చి వేసుకుంది. మా ఆయన నా వైపు చూశారు. నేను సాయం చెయ్యలేదు. ఈ ఊళ్ళో నా కేక ఒకసారి వినపడింది, చాలు.

ఆయన గుండెల నిండా గాలి పీల్చుకుని, మిషన్ మీదుగా వినపడేలా గొంతు చించుకున్నారు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. రంపం ఆగిపోయింది, రేడియోలు ఆగిపోయాయి, వీధి మొత్తం నోరు మూసుకుంది. ఆ నిశ్శబ్దంలో మా ఆయన గొంతు మార్కెట్ దాకా వినపడింది:

"క్వాకూ! ఆ గోల్ నీది! రాసింది నేను! తప్పు నాది!"